అడ్డంగా పెట్టిన తునికి కొమ్మ

పులిని నేను ఏడు గజాల దూరం నుంచి చూశాను. నా చేతిలో ఉన్నవి ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా, ఒక కర్రముక్క. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. దాని మీసాల చివర ఆగిన మంచుబొట్లు కూడా నాకు కనిపించాయి. డబ్బా మీద మూడు దెబ్బలు వేసి, నెమ్మదిగానే, "పో" అన్నాను. అది పోయింది. ఈ ముచ్చట నేను కేసముద్రం మార్కెట్ యార్డు ఎదుట ఉన్న నా ఎరువుల దుకాణంలో కూర్చుని ముప్పై ఏళ్ళు చెప్పాను. పత్తి బోరాలు దించి లారీల కోసం ఎదురు చూసే రైతులు విన్నారు, హమాలీలు విన్నారు. పక్కన సైకిళ్ళు బాగుచేసే ఖాసీంభాయి అయితే ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఆయన మాత్రం ప్రతిసారీ చేతిలో పానా ఆపి, "పోయినసారి తొమ్మిది గజాలుండె గద సేటూ. ఏడాదేడాదికి దగ్గరికొస్తుంది, జర పైలం" అనేవాడు. నమ్మనివాళ్ళకు చొక్కా గుండీ విప్పి మెడలోని పులిగోరు చూపించేవాణ్ణి. గోరు చూశాక ఎవరూ గజాలు అడిగేవాళ్ళు కాదు.

చాలా ఏళ్ళ కిందటే దాన్ని మెడలోంచి తీసి బీరువాలో దాచాను. పోయిన నెల నా చిన్న కూతురు వచ్చి, ఏడాది నిండని కొడుక్కు కడతానని దాన్ని అడిగింది. పులిగోరు కడితే పిల్లలు జడుసుకోరని మా వైపు నమ్మకం. "ఇంట్ల ఉంచుకుంటేనే కేసైతదంట నాయినా. పైన బంగారు రేకు చుట్టిస్త, ఎవలకు తెల్వది" అంది. గుడ్డ సంచి విప్పి, టేబుల్ మీద పరిచిన పాత పేపరు మీద గోరు పెట్టాను. గోరు కింద, పెద్ద అక్షరాల్లో, జనావాసాల్లోకి పులి వచ్చిందని వార్త. భూపాలపల్లి అవతల చెలిమెల వాగు పక్కన పత్తి చేనులో దాని అడుగులు కనిపించాయట. రైతులు బెంబేలెత్తుతున్నారట. దాన్ని వెంటనే పట్టుకుని ఎక్కడికైనా పంపించాలని కోరుతున్నారట. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. చేతిలోని చాయ్ గ్లాసు గోడకు తగిలింది. నేను విసరలేదు, అదే పోయి తగిలిందని కూతురికి చెప్పాను. ఎవరి నివాసంలోకి ఎవరు వచ్చారు? ఆ చేను నాకు తెలుసు. అది చేను కాకముందు తెలుసు. అక్కడ నేను దాదాపు రెండేళ్ళు బతికాను. ఆ పేపరులో రాసినవాడు పుట్టకముందు, ఆ ఊరికి బొగ్గు పేరు రాకముందు, వాగు ఇసుకలో గుంట తోడితే నీళ్ళు ఊరే కాలంలో.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నేను జనగామలో పీయూసీ చదువుతున్నాను. ఊరేగింపుల్లో ముందు వరుసలో నడిచానని, రైల్వే గేటు దగ్గర లాఠీ నా వీపు మీద రెండు ముక్కలయిందని మా ఊళ్ళో చెప్పుకున్నాను. మచ్చ కూడా చూపించాను. లాఠీ విరిగిన మాట నిజమే, కానీ అది వేరొకడి వీపు. నేను పరిగెత్తుతూ చెరుకురసం బండికి తగిలి పడితే దాని చక్రం గీసిన మచ్చ నాది. ఏమైతేనేం, కాలేజీ మూతపడింది. మా బాపు నన్ను నాలుగు రోజులు ఇంట్లో చూసి అయిదో రోజు, "సదువు బందైతే ఆకలి బందైతదా? మీ మామ కాడికి పో. ఆడ గొడ్డలి పట్టెటోడు లేక పరేషాన్ అయితుండు" అన్నాడు. పొమ్మనడంతోపాటు ఒక పని కూడా అప్పగించాడు. మామ ఆముదం చెలకకు గొంగళి పురుగు పట్టిందట, జనగామలో ఎండ్రిన్ సీసా ఒకటి కొని పట్టుకుపొమ్మన్నాడు. ఆ సీసాను గోనెగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులు మారి, చివరి పూట ఎడ్లబండి మీద వెళ్ళాను. తొవ్వ పొడుగునా దాని వాసన నా అంగీలోనే ఉంది.

ఐలయ్య మామది తరిగొప్పుల దగ్గరి పల్లె. రాళ్ళ చెలక, ఎండిన బావి. వరుసగా వానలు మొహం చాటేస్తే, జత ఎడ్లు, నాగలి, భార్య రాజవ్వ, పదమూడేళ్ళ కూతురు సమ్మక్క, వీళ్ళతో బండి కట్టుకుని అడివిదారి పట్టినవాడు. అడివి కొట్టినవాళ్ళందరినీ ఒక్క గాటన కట్టి తిట్టే పెద్దమనుషులు ఈ మాట వినాలి. మొదటి గొడ్డలి పట్టినవాడు ఆకలిగొన్నవాడు. వాడికి ఊళ్ళో సెంటు భూమి ఇవ్వడానికి చేతులు రానివాళ్ళు, అడివి చూపించి పొమ్మన్నారు. మామకు అడివి మీద పగ లేదు. రోజంతా మోదుగనూ మద్దినీ కొట్టి వచ్చి, అన్నం ముందు కూర్చునే లోపల గొడ్డలిని వాగు నీళ్ళతో కడిగి, తలకిందులుగా గోడకు ఆనించేవాడు. ఎందుకని అడిగితే, "అది గూడ అలిసింది అల్లుడా" అనేవాడు. ఆయన మాటలు అంతే, రోజుకు పది దాటేవి కావు. రాజవ్వ అత్త ఆ లోటు తీర్చేది. తెల్లవారకముందే జొన్నగట్క పొయ్యి మీదికి ఎక్కేది, దాని ఆవిరికి తడి కట్టెల పొగ, ఎండబెట్టిన ఇప్పపువ్వు తీపి వాసన కలిసి గుడిసె అంతా ఒక మత్తుగా ఉండేది. అత్త కలుపుతూనే కట్టెలను, పొయ్యిని, మొగుణ్ణి, ఆకాశాన్ని వరసపెట్టి తిట్టేది. తిట్లు అయిపోయేసరికి గట్క ఉడికేది. ఈనాటికీ ఎక్కడైనా ఇప్పపువ్వు వాసన తగిలితే నాకు ఆకలికి బదులు అత్త గొంతు వినిపిస్తుంది.

ఎండ్రిన్ సీసాను మామ వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. సమ్మక్కకు అందకుండా దూలానికి వేలాడదీశాడు. రెండో రోజే వాగు అవతల గూడెం పెద్ద పగిడయ్య తాత నన్ను చూడటానికి వచ్చాడు. కోయవాళ్ళ పెద్ద, ఎండిన చింతబరిగెలాంటి మనిషి. మామకు ఆ జాగా చూపించింది ఆయనే. చూపించిన రోజు ఒకే ఒక షరతు పెట్టాడట. కొత్తగా వచ్చిన మనిషికి దాన్ని మళ్ళీ చెప్పడం ఆయన పద్ధతి.

"వాగుకు ఇవతల మీది, అవతల దానిది. అది ఇవతలికొచ్చి ఏమన్న పట్టుకుంటే, ఆ తొవ్వకు అడ్డంగ తునికి కొమ్మ పెడతం. మూడు పొద్దులు కొమ్మ దాటద్దు. అది తిని పోతది. గంతే."

"అది అంటే ఏది తాతా?"

పగిడయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, మామ వైపు తిరిగాడు. "పీయూసీ అంటివి. ఏం సదివిస్తుండ్రు ఐలయ్యా ఈ పిలగాన్కి?"

ఆ గూడెంలో పులి పేరు నోటితో అనరు. మామ నవ్వలేదు. గొడ్డలి వాదర మీద చెయ్యి పెట్టి, ఇచ్చిన మాట మళ్ళీ ఇచ్చాడు. ఆ మాట మీదే ఆయన నాగలి నడుస్తోంది, ఆ మాట మీదే వాగు ఇసుకలో తోడిన గూడెం చెలిమలో ఆయన భార్య నీళ్ళు తోడుకుంటోంది. మాట పోతే జాగా పోతుంది. అక్కడ పట్టాలు లేవు, కాగితాలు లేవు, ఉన్నది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు మా తెలివితక్కువతనం గురించి చెప్పాలి. చెలకలో జొన్న, పల్లికాయ వేశారు. దుప్పులు వచ్చి మొలకలు మేసేవి. వాటిని ఆపడానికి కంచె కావాలి. కంచెకు ముళ్ళకంప కావాలి. కంప ఎక్కడిది? చెలక అంచున గట్టు మీద దట్టంగా రేగుపొదలు, పరికిపొదలు ఉండేవి, దుప్పి ఈనేది వాటిలోనే. మేము ఆ పొదలే కొట్టి కంచె వేశాం. పొద పోయేసరికి దుప్పులకు నిలవడానికి నీడ లేక తిన్నగా చెలకలోకే వచ్చాయి. మరుసటి వానకాలం నాటికి చెదలు పట్టి కంప కూలింది. మళ్ళీ కంప కావాలి. ఇంకొంచెం లోపలికి పోయి ఇంకొన్ని పొదలు కొట్టాం. కంచె బలపడిన కొద్దీ జంతువు పెరిగినట్టు అనిపించేది. పెరగలేదు, దానికి చోటు తరిగింది. ఇది పగిడయ్య ఒకసారి చూసి, "ఐలయ్యా, గొంగడి చింపి అతుకేస్తున్నవ్, అతుకు కోసం గొంగడి చింపుతున్నవ్" అన్నాడు. నేను నవ్వాను. చదువుకున్నవాణ్ణి కదా. పోడు వ్యవసాయం చేసేవాడికి కంచె గురించి ఏం తెలుసు అనుకున్నాను. ఇవాళ దేశం మొత్తం ఆ గొంగడి పనే చేస్తోంది. కంపకు బదులు కరెంటు తీగ వచ్చింది, అంతే తేడా.

ఆ కార్తీకంలో ఒక సాయంత్రం మేతకు వదిలిన కర్రెద్దు ఇంటికి రాలేదు. పొద్దున్నే వెతికితే వాగు ఇవతల, మోదుగుల మధ్య దొరికింది. మెడ దగ్గర రెండు గాట్లు, వెనక తొడ తిన్నది. మామ దాని పక్కన కూర్చుని చెవి నిమిరాడు. జత విరిగింది. రబీ దుక్కి ముందర ఒంటి ఎద్దుతో మనిషి ఏం చేస్తాడు? దున్నకపోతే మోళ్ళు చిగిర్చి ఆ చెలక మళ్ళీ అడివవుతుంది, అలా ఒక్క పంటకారు బీడు పడితే ఇంకొకడు వచ్చి నాగలి కడతాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె తిట్టకుండా ఉన్న పొద్దు నాకు తెలిసి అదొక్కటే. అప్పటికే కబురందుకుని పగిడయ్య వచ్చాడు. కళేబరం చుట్టూ ఒకసారి నడిచి, అడుగులు చూసి, పచ్చి తునికి కొమ్మ ఒకటి విరిచి, తొవ్వకు అడ్డంగా పెట్టాడు.

"ఇది పిల్లల తల్లి. ఆకలికొచ్చింది. మూడు పొద్దులు ఇడిసిపెట్టు. దాని వాసన ఈడున్నన్ని రోజులు పంది నీ పల్లికాయ దిక్కు రాదు, అది గూడ యాదికుంచుకో." కొమ్మను సరిచేసి మళ్ళీ అన్నాడు. "నా కోడె ఉంది. తోలుకపో. ఈ కారు దున్నుకో, దున్నినంక ఇద్దువుగని."

ఇక్కడే ఏడు గజాల సంగతి ఒప్పుకుంటున్నాను. నేను ప్రాణంతో ఉన్న పులిని చూడలేదు. ఏడు గజాలు కాదు, డెబ్బై గజాలు కాదు. డబ్బా కొట్టిన మాట నిజమే, చిలకల మీద. నేను చూసిన పులి చచ్చిన పులి. దాన్ని చంపినది నా చేతి మందు. ఇది నేను ఏ దుకాణంలోనూ ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళకు రాస్తున్నాను కనుక దాచకుండా రాస్తాను.

మామకు పగిడయ్య మాట రుచించలేదు. ఎద్దు పోయిన మనిషికి కోపం ఉండదా? మరునాడు పొద్దున ఆయన తొవ్వకు అడ్డంగా ఉన్న కొమ్మను కాలితో పక్కకు తోశాడు. దూలానికి వేలాడే సీసా తెమ్మన్నాడు. తెచ్చాను. పొయ్యమన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎద్దు ఒంటి మీద పులి తిన్న చోట, తినబోయే చోట, సీసా ఖాళీ అయ్యేదాకా పోశాను. చెయ్యి నాది, మాట ఆయనది. పెద్దవాడు చెప్తే కాదనే రోజులు కావవి. మేము తిరిగి వచ్చేసరికి పగిడయ్య ఇచ్చిన కోడె మా కొట్టంలో కట్టేసి ఉంది, కొత్త చోటు చూసి అరుస్తూ.

రెండో రోజు మధ్యాహ్నం వాగు నీళ్ళ దగ్గర దొరికింది. నీళ్ళు తాగడానికి వచ్చి అక్కడే కాళ్ళు చాపింది. పులి అంత పెద్దదని బొమ్మల్లో తెలియదు. పక్కకు పడిపోయిన దాని పొట్ట కింద పాలతో నిండిన చన్నులు ఉన్నాయి. వాటి చుట్టూ ఇసుక తడిగా ఉంది. ఎద్దు దగ్గర మూడు రాబందులు రెక్కలు పరుచుకుని బోర్లా పడి ఉన్నాయి, ఇంకొకటి పిచ్చిదానిలా ఒక్క చోటే గుండ్రంగా తిరుగుతోంది. ఒక నక్క. గూడెం కుక్కలు రెండు. అంతకుముందు రోజు వరకూ ఆ ఆకాశంలో రాబందులు లేని గంట లేదు. ఇవాళ మా మనవలకు ఆ పిట్టను చూపించాలంటే పుస్తకం తెరవాలి. పులి ముందుకాలి నుంచి ఒక గోరు ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఎందుకు తీశానంటే జవాబు లేదు. మూడు రోజులపాటు వాగు అవతల నుంచి పిల్లికూనల అరుపులాంటి అరుపు వచ్చింది. నాలుగో రోజు రాలేదు. ఆ మూడు రోజులూ అత్త పొయ్యి వెలిగించలేదు. అంబలి మిగిలితే తాగాం.

పగిడయ్య నలుగురు మనుషులతో వచ్చి వాగు అవతలే నిలబడ్డాడు. ఇవతలికి దాటలేదు. "ఎవలు పోసిండ్రు?" అని ఒక్కసారే అడిగాడు. మామ తల వంచి, "నేనే పోసిన" అన్నాడు. అది నేను చెవులారా విన్నాను. ఈ ముచ్చటలో నా అతిశయం ఎక్కడున్నా ఇక్కడ లేదు. పగిడయ్య తిట్టలేదు. ఒక మనిషిని పంపి కోడెను విప్పించుకున్నాడు. "మాట పోయిన జాగల నీళ్ళు తాగం" అన్నాడు. ఆ ఎండాకాలానికి గూడెం గూడెమంతా ఇంకా లోపలికి జరిగిపోయింది. మేము తోడుకునే చెలిమలు ఇసుకతో నిండిపోయాయి. వాటిని తోడే పద్ధతి వాళ్ళకు తెలుసు, మాకు తెలియదు.

ఆ తర్వాత పందులు వచ్చాయి. తాత చెప్పినట్టే. దాని వాసన ఉన్నన్ని రోజులు గట్టు దిగనివి, ఆ ఏడాది మందలు మందలుగా దిగాయి. పల్లికాయ ఒక్క వరస మిగలలేదు. జొన్న కంకి పాలుపోసుకునే లోపల మొక్కమొక్కనూ పడగొట్టేవి. మామ కందకం తవ్వాడు, కంప వేశాడు, కాపలా కాశాడు, చివరికి పంట మార్చాడు. కోస్తా నుంచి వచ్చి పక్కన భూమి పట్టిన ఒక రైతు చెప్పాడు. "పంది పత్తి తినదండీ" అని. ఆయన మాటకు మేము వెనక నవ్వుకునేవాళ్ళం, మా మాటకు ఆయన ఎదురుగానే నవ్వేవాడు. కానీ ఆ ఒక్క వాక్యం మాత్రం అందరికీ అర్థమైంది. పంది పత్తి తినదు. దుప్పి తినదు. నెమలి ముట్టదు. ఎనభైల నాటికి చెలిమెల వాగు రెండు ఒడ్లూ తెల్లగా ఉన్నాయి. మామను చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఇంకొంచెం దూరం నుంచే ఆయన గుడిసె కనిపించేది, మధ్యలో చెట్టు లేక.

ఆ పత్తికి మందు ఎవరు అమ్మారు? నేను. పీయూసీ తప్పాక కేసముద్రం వచ్చి, యార్డు ఎదుట ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టాను. ఒళ్ళో పెట్టుకుని మోసిన ఆ సీసాకు అక్కలు, చెల్లెళ్ళు, వందల సంఖ్యలో నా అలమారల్లో నిలబడ్డారు. పిట్టలు లేని చేనులో పురుగు పెరుగుతుంది, పురుగు పెరిగితే మందు అమ్ముడవుతుంది, మందు కొడితే మిగిలిన పిట్ట కూడా పోతుంది. గొంగడి, అతుకు. నా ఇల్లు ఆ అతుకులతో కట్టిందే. ఈ మాట రాస్తుంటే ఒళ్ళు మండుతోంది.

మండేది ఒక్క నా మీదే అయితే ఊరుకునేవాణ్ణి. మొదటి గొడ్డలి ఆకలిది అన్నాను. రెండో గొడ్డలి ఎవరిది? మామ పక్కన పోడు కొట్టుకున్న పేదవాళ్ళెవరూ ఇవాళ ఆ భూమి మీద లేరు. ఓట్ల ముందర పట్టా ఇస్తామన్నవాళ్ళు వచ్చారు, పట్టాల వెనక ట్రాక్టర్లు ఉన్నవాళ్ళు వచ్చారు. మామ పదేళ్ళలో కొట్టినన్ని చెట్లను ట్రాక్టరు ఒక వారంలో వేళ్ళతో పెకలించింది. అడివి నరికింది కోయవాడు అని కేసు రాశారు. తీరా పోయిన అడివికి బదులు అడివి పెంచుతున్నామని జామాయిలు నాటారు, దాని కింద గడ్డి మొలవదు, దాని మీద పిట్ట కూర్చోదు. ఇప్పుడు దిక్కుతోచక ఏ పులో ఎక్కడి నుంచో నడిచి నడిచి తన అమ్మమ్మ నీళ్ళు తాగిన వాగు దగ్గరికి వస్తే, జనావాసాల్లోకి వచ్చిందట. దానికి పట్టా లేదట. పేపరులో ఫోటో వేశారు, పత్తిచేను బురదలో ఒక్క అడుగు. ఆ అడుగును చూసి నేను సిగ్గుపడ్డాను. సిగ్గుపడాల్సినవాళ్ళు బెంబేలెత్తారు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. చివరిదాకా నాతో ముభావంగానే ఉన్నాడు. సమ్మక్కను నాకు చేసుకోవాలని మా అమ్మకు ఆశ ఉండేది, మామ ఆ మాట సాగనివ్వలేదు. పరీక్ష తప్పినవాడికి పిల్లనెందుకు ఇస్తాడులే అని నేనూ ఊరుకున్నాను. ఆమెను మహబూబాబాద్‌లో ఇచ్చారు. భర్త బండ కొట్టేవాడు, ఆయనా లేడిప్పుడు. సమ్మక్క కళ్ళకు ఆపరేషన్ అయింది, చదవలేదు. మామ గురించి రాశాను కనుక ఆమెకు వినిపించకుండా అచ్చుకు ఇవ్వకూడదనిపించింది. మొన్న రైలెక్కి వెళ్ళి, ఆమె అరుగు మీద కూర్చుని, మొదటి నుంచి ఇక్కడిదాకా చదివాను. చెరుకురసం బండి దగ్గర నవ్వింది. అత్త తిట్ల దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి ఒడిలోని చిక్కుడుకాయలు ఒలవడం ఆపేసింది. నేను కాగితాలు మడుస్తుంటే అడిగింది.

"అయిపోయిందా బావా?"

"అయిపోయింది. ఎట్లుంది?"

"కోపం మంచిగ రాసినవ్. ఎవల మీదనో అది తప్పు రాసినవ్. ఆ పొద్దున మా నాయిన ఇంట్లనే లేడు. తెల్లారకముందే గూడెం పోయిండు, పగిడయ్య తాత కోడెను తోలుకరానీకి. నీ కాయితంలనే ఉంది గద, మీరు అచ్చెవరకు కోడె కొట్టంల కట్టేసుందని. మరి తోలుకొచ్చిందెవలు? మీరు కాదు, నువ్వొక్కనివే అచ్చినవ్. సీసా దించుతుంటె నేను చూసిన. ఎందుకు బావా అంటె, జనగామకు పోయినంక పులి గోరు చూపిస్త అన్నవ్. కొమ్మ ఎవలూ పక్కకు తొయ్యలె. ఉన్నదున్నట్టె ఉంది. నువ్వు దాటినవ్."

ఆమె చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఈనె లాగింది.

"గూడెపోళ్ళు అడిగిననాడు నువ్వు పొయ్యెనుక కూసున్నవ్. చెల్లె కొడుకును కొడతరని నాయిన తన మీదేసుకున్నడు. మాట పోయింది ఆయనది. చచ్చేదాక ఆ గూడెపోళ్ళు ఆయన్ని పలకరియ్యలె. యాభై ఏండ్లయింది. ఇంక గూడ ఆయన మీదనే పెడితివి."

"సమ్మక్కా..."

"పరీక్ష తప్పినందుకు నన్నియ్యలె అని రాసుకున్నవ్. పరీక్షదేముంది బావా, మా ఆయన బడి మెట్టే ఎక్కలె. మీ అమ్మ అడగొచ్చిననాడు నేను దర్వాజ ఎనుకనే ఉన్న. నాయిన ఒక్కటే మాటన్నడు. కొమ్మ దాటినోనికి పిల్లనియ్య అన్నడు."